చామంతికీ రాత్రి కావాలి!

వేసవంతా విరగబూసిన మల్లెలు వానలు ముదిరేసరికి సెలవు తీసుకుంటాయి. శ్రావణ, భాద్రపదాల్లో పెరట్లో ఎటు చూసినా పచ్చదనమే... పువ్వు మాత్రం కనిపించదు. బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తీక పూజలు... అసలు పూలతో పనిపడేదేమో ఆ తర్వాతే! కాస్త ముందుచూపు ఉంటే ఆశ్వయుజం నుంచి సంక్రాంతి దాకా ఇంటి ముంగిట రంగులకు లోటుండదు. ఎలాగంటారా?

మా ఇల్లు హన్మకొండలో. గేటు పక్కన ఆరు చామంతి కుండీలు, వెనక బావి దగ్గర నాలుగు ఉండేవి. అన్నీ ఒకే మొక్క పిలకలు. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, నీళ్లు పోసే చెయ్యీ ఒకటే. కానీ ఆ ఏడాది కార్తీక మాసం వచ్చేసరికి బావి దగ్గరి నాలుగూ మొగ్గలతో నిండిపోయాయి. గేటు దగ్గరి ఆరూ ఏపుగా పెరిగాయే తప్ప ఒక్క మొగ్గ వేస్తే ఒట్టు! ఎరువు ఎక్కువైందేమోనని మానేశాను. తక్కువైందేమోనని మళ్లీ వేశాను. ఊహూ... లాభం లేకపోయింది.

కార్తీకంలో ఇంటి పూలతోనే శివుడికి పూజ చేయడం మా అత్తయ్యకు ఏళ్లనాటి అలవాటు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి వెనక పెరట్లోకి వెళ్లలేరు. చేతికి అందుతాయనే ఆ ఆరు కుండీలనూ ముందువైపు పెట్టించుకున్నారు. రోజూ పొద్దున్నే సజ్జ పట్టుకుని వెళ్లడం, ఆకుల మధ్య వెతకడం, ఖాళీ సజ్జతో తిరిగి రావడం... చూస్తుంటే నాకే మనసు చివుక్కుమనేది. బావి దగ్గరివి కోసి తెచ్చిస్తే తీసుకునేవారు కానీ, తన చేత్తో కోసుకున్న తృప్తి వేరు కదా!

ఓ రాత్రి కరెంటు పోయి అందరం అరుగు మీద కూర్చున్నాం. ‘ఈ గేటు లైటు పెట్టించినప్పటి నుంచీ నాకే కంటిమీద కునుకు లేదమ్మాయ్. పక్కనే ఉన్న వాటికేం నిద్ర పడుతుంది!’ అన్నారు అత్తయ్య. అప్పుడు నవ్వేశాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

మొక్కకీ ఓ గడియారం

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో ఓ ఆసక్తికరమైన విషయాన్ని ప్రకటించారు. ఒక రకం పొగాకు మొక్క వేసవంతా ఎత్తుగా పెరుగుతూనే ఉంది కానీ పూయడం లేదు. పగటిపూట కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి, వెలుగు తగిలే సమయాన్ని తగ్గిస్తే... పూసింది! ఎప్పుడు పూయాలో కొన్ని మొక్కలు పగలు, రాత్రి నిడివిని బట్టి తేల్చుకుంటాయని అలా తెలిసింది. ఆ లెక్కలో అసలు కీలకం రాత్రి పొడవేనని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

చామంతిదీ ఆ కోవే. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానం. డిసెంబరుకి పగలు 11 గంటలకు దిగుతుంది. రాత్రులు పొడవయ్యేకొద్దీ చామంతి ఆకులు వేయడం తగ్గించి మొగ్గలకు సిద్ధమవుతుంది. అయితే ఆ చీకటి ఏకధాటిగా ఉండాలి. మధ్యలో వెలుగు పడితే ఒక పొడవాటి రాత్రి కాస్తా మొక్క లెక్కలో రెండు చిన్న రాత్రులైపోతుంది. పూత ఆలస్యం కావాలనుకునే చామంతి సాగుదారులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించేది అందుకే. వాళ్లు కావాలని చేసే పనిని, మేం తెలియక గేటు దగ్గర చేశామన్నమాట!

లైటు తీసేద్దామంటే దొంగల భయం. అందుకని కుండీలనే మెట్లు లేని పక్క సందులోకి, వీధి వెలుగు పడని చోటికి మార్చాం. ఎండ మాత్రం రోజూ ఐదారు గంటలు తగిలేలా చూశాం. ఆ ఏడాదికి కార్తీకం ఎలాగూ దాటిపోయింది. పుష్యంలో పూశాయి.

ముందే మొదలుపెట్టాలి

శరత్తులో పూలు కావాలంటే ఆషాఢంలోనే పని మొదలవ్వాలి.

బంతి: విత్తనం వేశాక పూతకు రెండున్నర నెలల దాకా పడుతుంది. ఒకేసారి కాకుండా విడతలుగా చల్లడమే కిటుకు. జులై మొదట్లో వేస్తే దసరాకి, ఆగస్టులో వేస్తే దీపావళి, కార్తీకాలకి, అక్టోబరు మొదట్లో వేస్తే సంక్రాంతి గొబ్బెమ్మలకి అందుతాయి. నారు నాటిన నెలకి తలకొస గిల్లేస్తే పక్క కొమ్మలు వచ్చి ఎక్కువ పూలు పూస్తాయి. వాడినవి ఎప్పటికప్పుడు తుంచేయాలి. గింజ కట్టడం మొదలైతే కొత్త మొగ్గలు తగ్గిపోతాయి.

సీతజడ, బొగడబంతి: జూన్, జులైల్లో గింజలు చల్లితే చాలు. పెద్దగా సేవలు అడగవు. బొగడబంతి ఎండినా రంగు పోదు కాబట్టి మాలలు చాలాకాలం నిలుస్తాయి. తంగేడు, గునుగు చేలగట్ల మీద దొరుకుతాయి. బంతి, సీతజడ మన పెరట్లో ఉంటే బతుకమ్మకు సగం పూలు సమకూరినట్టే.

చామంతి: జూన్, జులైల్లో నాలుగు వేళ్ల పొడవున కొమ్మ కొసలు తుంచి తడి ఇసుకలో గుచ్చితే రెండుమూడు వారాల్లో వేర్లు వస్తాయి. కుండీలోకి మార్చాక నెలకోసారి కొసలు గిల్లాలి. ఆగస్టు దాటాక మాత్రం గిల్లొద్దు. రాబోయే మొగ్గల్ని మన చేత్తోనే తుంచేసినట్టవుతుంది.

పారిజాతం, డిసెంబరాలు: ఇవి ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తాయి. శరత్తులో తెల్లవారేసరికి పారిజాతాలు నేలంతా పరుచుకుంటాయి. చామంతితో పాటు చలికాలమంతా డిసెంబరాలు పూస్తూ ఉంటాయి.

వానతో జాగ్రత్త

ఈ కాలంలో మొక్కలు నీళ్లు లేక చచ్చేకన్నా ఎక్కువై చచ్చేదే ఎక్కువ. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల బెడద మరీనూ. చామంతి వేరు ఇట్టే కుళ్లిపోతుంది. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే నీరు నిలవదు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క వేయాలి. కొమ్మలకు పుల్లతో ఊతమివ్వాలి. పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లితే సరి. నారు పోసుకునే తీరిక లేనివాళ్లకు కడియం లాంటి చోట్ల నర్సరీలు ఉండనే ఉన్నాయి. కానీ నిండుగా విచ్చిన మొక్క కన్నా మొగ్గ మీదున్న దాన్ని తెచ్చుకుంటే ఎక్కువ రోజులు కళ్లకు పండగ.

పూత అయిపోయాక చామంతిని పారేయకండి. నాలుగు వేళ్లు ఉంచి పైన కత్తిరిస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వచ్చే ఏటి తోట అవే.

మరుసటి ఏడాది వినాయక చవితి కాగానే అత్తయ్యే గుర్తుచేశారు, కుండీల మీద ఏ లైటూ పడట్లేదు కదా అని. కార్తీకం రెండో సోమవారం తెల్లవారుజామున పక్క సందులోంచి పిలుపు... ‘అమ్మాయ్, సజ్జ చాలట్లేదు, పళ్లెం పట్టుకురా!’