తవ్వకుండానే తూచిన మనిషి

ఇలా రండర్రా! కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపుతాం కదా, లోపల నీళ్ళున్నాయో లేదోనని? భూమిని కూడా అలాగే పగలగొట్టకుండా పరీక్షించినాయన ఒకడున్నాడు.

ఎవరెట్ డిగాల్యర్ 1886లో అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టాడు. ఓక్లహోమా యూనివర్సిటీలో చదువుకుంటూ సర్కారు వారి భూగర్భ సర్వేలో పనికి కుదిరాడు. ఏం పని? వంటపని! గరిటె తిప్పుతూనే రాళ్ళ సంగతులు చెవిన వేసుకున్నాడు కాబోలు. 1910లో, 24 ఏళ్ళకే, మెక్సికోలో ఆయన చూపించిన చోట బావి వేస్తే రోజుకు లక్ష బ్యారెళ్ళ చమురు ఎగదన్నింది. డిగ్రీ ఆ తర్వాతే, 1911లో!

టెక్సాస్ తీరంలో మాత్రం చూపు ఆనదు. అంతా చదును నేల. అడుగున ఉప్పుగుట్టలు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని ఆనుకుని చమురు చేరుతుంది. లోతున చుట్టూ ఉన్న రాతికన్నా ఉప్పు తేలిక కనక అక్కడ భూమి లాగే బలం వెంట్రుకవాసి మారుతుంది. దాన్ని పట్టే త్రాసు హంగరీ శాస్త్రవేత్త ఎట్వెష్‌ది. సన్నని తీగకు అడ్డకమ్మీ, ఒక కొసన ఒక గుండు, రెండో కొసన ఇంకాస్త కిందికి మరో గుండు. లాగుడులో రవ్వంత తేడా ఉన్నా తీగ మెలిపడుతుంది. గాలి తగిలినా, ఎండ సోకినా లెక్క చెడుతుందని గుడిసెలో పెట్టి గంటల తరబడి కాచుకునేవారు. బంగారం తూచేటప్పుడు మీ నాయనమ్మ ఫ్యాన్ ఆపమంటుందే, అలాగన్నమాట.

1922లో డిగాల్యర్ చొరవతో, ముందే తెలిసిన స్పిండిల్‌టాప్ ఉప్పుగుట్ట మీద ఆ త్రాసును సరిచూశారు. 1924లో నాష్ దగ్గర కొత్త గుట్టే దొరికింది. మరుసటేడు డిగాల్యర్ పూనికతో పుట్టిన కంపెనీలో కార్చర్ అనే ఆయన ప్రతిధ్వని పద్ధతికి పదును పెట్టాడు. డైనమైట్ పేలుస్తారు, ఆ చప్పుడు అడుగునున్న రాతిపొరకు తగిలి వెనక్కొస్తుంది. సెకనుకు 3 కిలోమీటర్లు పోయే చప్పుడు 2 సెకన్లకు తిరిగొచ్చిందనుకోండి, ఆ పొర ఎంత లోతు? ఆరు కాదురా, మూడు! రానూపోనూ కలిపి కదా ఆరు. మన గోదావరి డెల్టాలో చమురు వెతికిందీ ఈ లెక్కతోనే.

సంపాదించిన డబ్బుతో ఆయన పాత పుస్తకాలు కొన్నాడు. నాకు బావులకన్నా ఇదే ముచ్చట. 1949లో సైన్సు చరిత్ర పుస్తకాలను తాను చదివిన ఓక్లహోమాకే ఇచ్చాడు. ఆ భాండాగారంలో గెలీలియో 1610లో అచ్చేసిన నక్షత్రాల పుస్తకం ఉంది. మొదటి పేజీలో గెలీలియో తన చేత్తో రాసిన నాలుగు ముక్కలు, ఆ సిరా ఇప్పటికీ కనబడుతూనే ఉంది.