బాకా గొట్టం వదులయితే

మాఘమాసం వచ్చిందంటే రాయగడలో గాని, కోరాపుట్‌లో గాని పొద్దుగూకేసరికి యేదో వొక వీధిలో బ్యాండుమేళం వినబడక మానదు. 1936లో ఈ సీమ మద్రాసు రాజధాని నుంచి విడివడి ఒడిశాలో కలిసింది. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. మన పెళ్లివారి సరదా మాత్రం యెక్కడికీ పోలేదు. మోహురీ, ఢోలు వాయించేవాళ్లు వొక పక్కా, ఇత్తడి బాకాలవాళ్లు వొక పక్కా నడిస్తేగాని ఊరేగింపు ఊరేగింపులా వుండదు.

ఈ బాకాలవాళ్లని సతాయించేది శ్రుతిగొట్టం. వాళ్లు స్లైడు అంటారు. గుర్రపునాడాలా వంగి, రెండు కాళ్లతో పెద్దగొట్టంలోకి దూరి వుంటుంది. ట్రంపెట్టులో గొట్టం మొత్తం పొడుగు సుమారు నాలుగున్నర అడుగులు. స్లైడును 1 సెంటీమీటరు లాగితే, కాళ్లు రెండు గనుక, దారి 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. శ్రుతి అర్ధస్వరంలో దాదాపు నాలుగోవంతు దిగుతుంది. నాలుగోవంతేగదా అనుకోకండి. పక్కన క్లారినెట్టు సరిగా పలుకుతూంటే ఆ పాటి తేడాకే పెళ్లిపెద్దలు చెవులు మూసుకుంటారు.

పైగా మనది కొండసీమ. గాలి 10 డిగ్రీలు చల్లబడితే శబ్దవేగం సెకనుకు సుమారు 6 మీటర్లు తగ్గి, శ్రుతి దానంతటదే దిగుతుంది. అంచేత రాత్రి చలిలో స్లైడును లోపలికి నొక్కుకోవాలి. వదులు గొట్టం నొక్కినచోట నిలవదు. పాటకీ పాటకీ మధ్య బాకామూతి కిందికి దించితే జారుతుంది, వొక్కోసారి వూడి రోడ్డుమీద పడుతుంది. నొక్కుపడితే ఇంక పెట్టెలో పెట్టవలసిందే. ముహూర్తాలు వుండేదే కొద్ది నెలలు, మధ్యలో మూఢం వొకటి. ఆ నాలుగురోజుల కూలి పోతే ఆ ఇంట్లో బియ్యానికి వెతుకులాట.

వదులు యెందుకవుతుందయ్యా అంటే, సగం పాపం తోమడానిదే. బిందెలు తోమినట్టు చింతపండూ ఇటికపొడీ పెట్టి స్లైడుకాళ్లు కూడా మెరిపిస్తారు. పైభాగం యెంత మెరిపించినా నష్టం తక్కువ. కాళ్లు మాత్రం తోమినకొద్దీ అరిగిపోతాయి. వీధిదుమ్ము పాత గ్రీజులో కలిస్తే అదీ ఆకురాయే.

మొదట స్లైడు తీసి, కాళ్లనూ గొట్టాల లోపలినీ గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో ఆరబెట్టాలి. తర్వాత వొక్కొక్క కాలినే దాని గొట్టంలో దూర్చి చూడాలి. రెండూ కొంచెమే వదులయితే చిక్కని గ్రీజు చాలు. గొర్రెబొచ్చు నుంచి తీసే లానోలిన్ మంచిది. లేదంటే వాజెలీనులో కాస్త తేనెమైనం కరిగించి చల్లార్చుకోవచ్చు. మైనం మన సంతల్లో దొరికేదే. మైనం యెక్కువైతే చలికి బిగుసుకుని స్లైడు కదలదు. కొబ్బరినూనె పలచన, నిలవదు. ఆవనూనె నాళ్లు గడిస్తే జిగురవుతుంది.

దారం చుట్టడం, కాగితం దూర్చడం మన మేళాల్లో కద్దు. ఆ పూటకి గడుస్తుంది. తర్వాత వూపిరి చెమ్మకి దారం నాని, చిలుం పట్టి, గొట్టం అతుక్కుపోతుంది. పటకారుతో బయటిగొట్టాన్ని నొక్కడం మరీ దారుణం: గుండ్రన పోయి గాలి కారుతుంది.

గ్రీజుకి లొంగకపోతే పనివాడి చేతికి ఇవ్వాలి. కాలి లోపల నున్నని ఉక్కు పనిముట్టు పెట్టి, తిప్పుతూ, అంచుని వెంట్రుకవాసి వెడల్పు చేస్తాడు. చేసినంతా ఆపి ఆపి బయటిగొట్టంలో సరిచూస్తాడు. తొందరపడితే పగులుతుంది. మాటుపెట్టే ప్రతివాడి దగ్గరా ఈ పనిముట్టు వుండదు, అడిగి మరీ ఇవ్వాలి. దేశంలో బ్యాండు వాయిద్యాలకు పేరుపడ్డ చోటు మీరట్‌లోని జాలీకోఠీ. కాని ముహూర్తాల మధ్య అంతదూరం పంపితే తిరిగొచ్చేదాకా బాకావాడు ఖాళీ. ఆషాఢంలో పంపుకుంటే శ్రావణానికి చేతికొస్తుంది.