ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు సొంతంగా బిగిస్తున్నారా? ముందు బాడీ చూసుకోండి

కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు, తుపాన్లు ఒకేసారి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పంట, ఆరబోసిన ధాన్యం తడిసిపోయాయి. మబ్బు పట్టిందంటే రాత్రికి రాత్రే ధాన్యం కుప్ప చేసి బరకాలు కప్పాలి. దానికి మంచి వెలుగు కావాలి. చేపలు, రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి పని చేసే రైతులకూ ఇదే అవసరం.

పాత 500 వాట్ల హాలోజన్ లైటు రెండు గంటలు వెలిగితే ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. 50 వాట్ల ఎల్ఈడీ అదే యూనిట్‌తో 20 గంటలు వెలుగుతుంది. అందుకే కొందరు రైతులు పాత హాలోజన్ డబ్బాలోనో, బెజవాడ ఆటోనగర్‌లో దొరికే పాత వర్క్‌లైటు బాడీలోనో ఎల్ఈడీ చిప్ బిగించుకుంటున్నారు. ఇది చేసుకోదగిన పనే. అయితే చిప్ ఎంత మంచిదైనా లైటు మన్నిక, మీ ప్రాణ భద్రత బాడీ మీదే ఆధారపడతాయి. బాడీ ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి: వేడి, నీరు, ఎర్త్.

వేడి బయటికి పోవాలి

హాలోజన్ గొట్టం వందల డిగ్రీల వేడిని తట్టుకుంటుంది, ఎల్ఈడీ చిప్ తట్టుకోలేదు. చిప్ వెనుక పుట్టే వేడి లోహం ద్వారా బయటికి పోకపోతే వెలుగు త్వరగా తగ్గి, చిప్ మాడిపోతుంది.

• పోత అల్యూమినియంతో చేసి, వెనుక రెక్కలున్న బాడీ తీసుకోండి. ఒకే సైజు బాడీలు రెండుంటే బరువైనది ఎంచుకోండి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు వద్దు.
• చిప్ కూర్చునే చోటు చదునుగా ఉండాలి. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, కింద సందు ఉందేమో చూడండి.
• హాలోజన్ డబ్బా లోపల వంపు తిరిగిన పలుచని రేకు ఉంటుంది. చిప్‌ను దాని మీద బిగించకూడదు. రేకు తీసేసి, మందపాటి బాడీకే బిగించాలి. మధ్యలో థర్మల్ పేస్టు పలుచగా రాయాలి.
• పాత 500 వాట్ల హాలోజన్ బాడీలో 20 లేదా 30 వాట్ల చిప్‌తో మొదలుపెట్టండి.
• డ్రైవర్‌ను చిప్ పక్కన ఇరికించకండి. వెనుక విడి గది ఉన్న బాడీ మేలు. లేకపోతే వేరే వాటర్‌ప్రూఫ్ పెట్టెలో పెట్టండి.

రాత్రిపూట గంటసేపు వెలిగించి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసేశాక బాడీ వెనుక చెయ్యి పెట్టండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే ఆ బాడీకి ఆ చిప్ ఎక్కువ. వాట్లు తగ్గించండి.

నీరు లోపలికి రాకూడదు

కొత్త బాడీ కొంటే దాని మీద ఐపీ 65 లేదా ఐపీ 66 అని ఉందో లేదో చూడండి. 6 అంటే దుమ్ము చొరబడదని, తర్వాతి అంకె నీటి ధారను ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. పాత బాడీలో అద్దం చుట్టూ ఉండే గ్యాస్కెట్ వేడికి గట్టిపడి ఉంటుంది. తప్పకుండా మార్చండి.

వైరు పైనుంచి కాకుండా కింది నుంచి, గ్లాండ్ ద్వారా లోపలికి వెళ్లాలి. సందులకు సిలికాన్ రాసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వాడకండి, అది చిప్‌నూ రాగి తీగలనూ పాడుచేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. నాగాయలంక, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడండి.

చిప్ బిగించకముందే ఒక పరీక్ష చేయండి. ఖాళీ బాడీలో పొడి కాగితం పెట్టి మూసి, పైపుతో అన్ని వైపుల నుంచీ పది నిమిషాలు నీళ్లు కొట్టండి. తుడిచి తెరిచాక కాగితం తడిస్తే ఆ బాడీ ఆరుబయట పనికిరాదు.

ఎర్త్ లేని బాడీ వద్దు

తడి నేల మీద, చెరువు గట్టు మీద లోహపు బాడీకి కరెంటు వస్తే ప్రాణాలు పోతాయి. బాడీకి ఎర్త్ స్క్రూ ఉండాలి. లేకపోతే రంధ్రం చేసి, ఆ చోట రంగు గీకి, ఆకుపచ్చ వైరు గట్టిగా బిగించాలి. మూడు పిన్నుల ప్లగ్, లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానకండి.

డ్రైవర్ అవసరం లేకుండా నేరుగా 230 వోల్టులకు కలిపే చిప్‌లు చవకగా దొరుకుతాయి. వాటిలో కరెంటుకూ బాడీకీ మధ్య పలుచని పొర ఒక్కటే అడ్డు. కళ్లంలో, గట్టు మీద వాటిని వాడకండి.

నీటికి బాగా దగ్గరైతే ట్రాక్టరు బ్యాటరీతో నడిచే 12 వోల్టుల లైటు మేలు. 20 వాట్ల లైటు రెండు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. బ్యాటరీ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి.

చివరగా, బాడీ, చిప్, డ్రైవర్, గ్యాస్కెట్, గ్లాండ్ ఖర్చు కూడి, ఐపీ 65 ఉన్న కొత్త లైటు ధరతో పోల్చుకోండి. తేడా కొద్దిగానే ఉంటే కొత్తదే కొనండి. సొంతంగా బిగించుకుంటే, 230 వోల్టుల కనెక్షన్ ఇచ్చే ముందు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించండి.