తిరునాళ్ళ తుపాకికి తోలు వాచరే ప్రాణం

కోటప్పకొండ: శివరాత్రి తిరునాళ్ళకు వచ్చి ప్రభలు చూడకుండా పోయేవారు ఉండరు. తిరుగు ప్రయాణంలో చెరకు గడ కొనకుండా పోయేవారూ తక్కువే. అయితే మగపిల్లల కళ్ళు ముందుగా వెతికేది ప్రభను కాదు, చెరకును కాదు. కొండ కింద దుకాణాల వరుసలో నిలబెట్టిన చెక్క బోర్డును. దాని నిండా ఎరుపు, పసుపు, పచ్చ బుడగలు. ఎదురుగా బల్ల మీద రెండు ఎయిర్‌గన్‌లు. మా చిన్నతనంలో రూపాయికి మూడు గుండ్లు ఇచ్చేవారు. ఆ రూపాయి కోసం వారం ముందు నుంచే నాయనమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాళ్ళం.

మూడు గుండ్లలో ఒక్కటి తగిలితే ఆ ఏడాదంతా ఊళ్ళో చెప్పుకోవచ్చు. నాకు ఏనాడూ తగల్లేదు. గొట్టం కావాలనే వంకర చేసి పెడతారని, అందుకే గురి కుదరదని మాలో మాకు ఒక నమ్మకం. అది నిజమా కాదా అన్నది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు దాటవలసి వచ్చింది.

మా పెదనాన్నకు ఒక ఎయిర్‌గన్ ఉండేది. జొన్న చేలో మంచె మీద కూర్చుని పిట్టలను తోలడానికి కొన్నాడు. అంతకు ముందు వడిసెల, రేకు డబ్బా వాడేవాడు. పెదనాన్న పోయిన తరువాత అటక మీది సామాను దించుతుంటే ఆ తుపాకి గోనెసంచిలో చుట్టి కనిపించింది. పైన ఎర్రటి తుప్పు. కర్ర మడమకు చెదలు అంటలేదు గాని రంగు పోయింది. ఇనుము మీద చేత్తో రుద్దితే ఐ.హెచ్.పి. అనే అక్షరాలు బయటపడ్డాయి. దానిని బాగు చేయించాలని తీసుకుని, మొన్న తిరునాళ్ళకు బుడగల దుకాణం పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. చిన్నప్పుడు మాకు గుండ్లు లెక్కపెట్టి ఇచ్చింది ఆయనే. ఊరూరి జాతరలు తిరగడమే ఆయన బతుకు. పత్రికలో పేరు వేయవద్దని ముందే మాట తీసుకున్నాడు.

రాత్రి రద్దీ తగ్గిన తరువాత పెట్రోమాక్సు కాలం నాటి తన రేకు పెట్టె తెరిచాడు. అందులో చిన్న స్క్రూడ్రైవర్లు, సుత్తి, తోలు ముక్కలు, ఆముదం సీసా, కుట్టుమిషను నూనె డబ్బా ఉన్నాయి. 'సైకిలు పంపు ఎప్పుడైనా విప్పావా బాబూ?' అని అడిగాడు. విప్పానన్నాను. 'అయితే నీకు సగం వచ్చినట్టే' అన్నాడు.

నిజానికి రెండింటి లెక్కా ఒకటే. తుపాకి ముందు గొట్టాన్ని కిందికి వంచినప్పుడు లోపలి పిస్టను వెనక్కి జరిగి, జానెడు పొడవు స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టనును ముందుకు తోస్తుంది. సిలిండరులోని గాలి ఒక్కసారిగా ఇరుకై, సన్నటి రంధ్రం గుండా దూసుకుపోయి, గుండును తోసేస్తుంది. మందు లేదు, నిప్పు లేదు. ఆ గాలి పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది పిస్టను తలకు బిగించిన తోలు వాచరు. సైకిలు పంపులో ఉండే గిన్నె వాచరు లాంటిదే. అది ఎండి బిగుసుకుంటే తుపాకి చప్పుడు చేస్తుంది గాని గుండు బోర్డు దాకా కూడా పోదు.

కిర్రు చెప్పులకు ఆముదం పట్టించినట్టే, కొత్త వాచరును ఆయన ఒక రాత్రంతా ఆముదంలో నానబెడతాడు. మర్నాడు గుడ్డతో అద్ది బిగిస్తాడు. ఆపైన నెలకు ఒకటి రెండు చుక్కల నూనె చాలునట. మంచిదని ఎక్కువ పోస్తే అసలుకే మోసం. గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి ఆ నూనె అంటుకుని, డీజిలు ఇంజనులో మండినట్టు లోపలే మండుతుంది. పొగ వస్తుంది, పెద్ద చప్పుడు వస్తుంది. పిల్లలు అది చూసి తుపాకి బలంగా ఉందని సంబరపడతారు. వాచరు మాడేదీ, స్ప్రింగు విరిగేదీ అప్పుడే.

గొట్టం, సిలిండరు కలిసే చోట ఇంకో చిన్న వాచరు ఉంటుంది. దానిలో గాలి కారుతున్నదో లేదో చూడటానికి బీడీ కట్ట మీది పలుచని కాగితం చించి ఆ అతుకు మీద పెట్టి పేల్చాడు. కాగితం ఎగిరితే వాచరు పోయినట్టు. ఇంతకంటె తేలిక పరీక్ష నేను చూడలేదు.

గుండు లేకుండా ఊరికే మీట నొక్కడం కూడా తుపాకికి చేటు. ఎదురు గాలి ఆపేది లేక పిస్టను వెళ్ళి ఇనుప గోడను గుద్దుకుంటుంది. నొక్కి ఉంచిన స్ప్రింగును అలాగే రాత్రంతా వదిలేస్తే బలం తగ్గుతుంది. చేతి చెమట తగిలిన ఇనుమును నూనె గుడ్డతో తుడవకపోతే తుప్పు పడుతుంది.

గుండ్ల సంగతి వేరే చెప్పాలి. మన దగ్గర దొరికే సీసపు గుండు నడుము సన్నగా, డమరుకం ఆకారంలో ఉంటుంది. లావు 4.5 మిల్లీమీటర్లు. కొందరు పిల్లలు గుండ్లు లేనప్పుడు సైకిలు ముందు చక్రంలోని బాల్సు పెడతారు. అవి మామూలుగా 4.76 మిల్లీమీటర్లు. సగం దూరి ఇరుక్కుంటాయి. సుత్తితో కొట్టి తీయబోతే గొట్టం లోపలి మెలిక గాట్లు పోయినట్టే. సీసం ముట్టుకున్న చేతులతో మరమరాలు తినకూడదని కూడా ఆయన చెప్పాడు. మా చిన్నప్పుడు మేము గుండ్లు నోట్లో పెట్టుకుని మరీ నిలబడేవాళ్ళం.

ఇక గొట్టం వంకర మాట. అడగగానే పెద్దాయన నవ్వాడు. 'వంచేది మేము కాదు బాబూ, మీరే' అన్నాడు. గొట్టం కిందికి వంచి, ఇంకా మూయకముందే పొరపాటున మీట నొక్కితే, గొట్టం స్ప్రింగు బలంతో పైకి ఎగిరి కొట్టుకుంటుంది. అప్పుడే అది వంగుతుంది. వేలు మధ్యలో ఉంటే వేలు కూడా పోతుంది. ఆయన బల్ల మీది రెండింటిలో ఒకటి జర్మనీ డయానా. దాని మీద విల్లు అవతల పారేసి తుపాకి ఎత్తి పట్టుకున్న వేట దేవత బొమ్మ అరిగిపోయి ఇంకా కనిపిస్తున్నది. ఆ తుపాకి గొట్టం రెండుసార్లు వంగితే రెండుసార్లూ తానే సరిచేశానన్నాడు. గురి చూసే ముక్కు మాటేమిటని అడిగితే మాత్రం బుడగలు ఊదడం మొదలుపెట్టాడు.

మా తుపాకి మీది ఐ.హెచ్.పి. అంటే ఇండియన్ హ్యూమ్ పైపు కంపెనీ. రోడ్ల కింద తూములకు వేసే సిమెంటు పైపుల కంపెనీ అదే. 1926లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించారు. పైపులవాళ్ళకు తుపాకులతో పనేమిటని నాకూ అనుమానం వచ్చింది. అయితే అమెరికాలోనూ ఇలాగే జరిగింది. మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో రైతులకు ఇనుప గాలిమరలు చేసి అమ్మే కంపెనీ ఒకటి 1880లలో, మర కొన్నవారికి కానుకగా పిల్లల గాలి తుపాకిని ఇవ్వసాగింది. మరల కంటె తుపాకికే గిరాకీ పెరిగింది. 1895లో కంపెనీ పేరే డైసీగా మార్చుకున్నారు. అక్కడి పిల్లల బి.బి. గన్ అదే. దానిలో వేసేవి గుండ్రటి చిన్న గుళ్ళు. ఇప్పుడు ఉక్కువి వస్తున్నాయి. ఆ ఉక్కు గుళ్ళు గట్టి వస్తువుకు తగిలి వెనక్కి ఎగిరి కళ్ళకు తగులుతాయి.

మాటల్లోనే పెద్దాయన మా తుపాకి చేతికి తీసుకుని గొట్టం వంచాడు. అది ఏ బిగువూ లేకుండా ఊరికే వాలిపోయింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. 'దీంట్లో ఊపిరి లేదు' అన్నాడు. స్ప్రింగు నొక్కుడు మీద ఉంటుంది కాబట్టి మామూలుగా అయితే వడ్రంగి బిగింపులో పెట్టి గాని వెనక మర విప్పకూడదు. విప్పితే మొహం మీదికి వస్తుంది. ఆయన మాత్రం బిగింపు లేకుండానే విప్పాడు. లోపల పిస్టను ఉంది. ఎండి చిట్లిన వాచరు ఉంది. స్ప్రింగు లేదు. విరిగిన ముక్క కూడా లేదు. తరువాత మర మళ్ళీ చక్కగా బిగించి ఉంది. 'ఎవరో తెలిసిన చెయ్యే తీసింది' అన్నాడు.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆయిల్ ఇంజను విప్పి బిగించగల చెయ్యి మా ఇంట్లో పెదనాన్న ఒక్కడిదే.

ఇంటికి వచ్చి పెద్దమ్మను అడిగాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. 'స్ప్రింగా? గోరింక చచ్చిన రోజు రాత్రే తీసి నూతిలో వేశాడురా. నీకు చెప్పలేదా?' అన్నది.

నాకు పదకొండో ఏడు. వేసవి సెలవులు. పెదనాన్న నిద్రపోతుంటే తుపాకి తీసుకుని పెరట్లో వేపచెట్టు మీది గోరింకను కొట్టాను. తిరునాళ్ళలో ఒక్క బుడగకూ కుదరని గురి ఆ రోజు కుదిరింది. గోరింక నూతి పళ్ళెం మీద పడింది. పసుపు కాళ్ళు రెండుసార్లు తన్నుకున్నాయి. నూతి గోడ తొర్రలో దాని పిల్లలు ఉన్నాయని అవి అరిచినప్పుడే తెలిసింది. రెండో గోరింక పొద్దుగూకే దాకా పురుగులు తెచ్చి పెట్టింది. మర్నాడూ తెచ్చింది. నాలుగో రోజుకు తొర్రలో చప్పుడు లేదు. పెదనాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తుపాకి లోపలికి తీసుకుపోయాడు. ఆ ఏడు జొన్న కంకి పట్టినప్పుడు మళ్ళీ రేకు డబ్బా తీసుకుని మంచె ఎక్కాడు. ఎందుకని నేను అడగలేదు. కోటప్పకొండ మీద కాకి వాలదని పెద్దలు చెప్పిన కథ మాత్రం ఆ తరువాత నాకు భయంగా వినిపించేది.

చట్టం సంగతి నాకు విలేకరినయ్యాకే తెలిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గోరింకను, గువ్వను, చిలకను కొట్టడం నేరం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు దాటని గొట్టం, 20 జౌళ్ళు దాటని బలం ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర లేదు. అంటే తుపాకి ఉండవచ్చు, పిట్ట మీద ఎత్తరాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో మొదలైన కార్యక్రమంలో జనం తమంతట తామే రెండు వేలకు పైగా ఎయిర్‌గన్‌లు తెచ్చి ప్రభుత్వానికి అప్పగించారు. మరోవైపు ఇదే 4.5 మిల్లీమీటర్ల గుండుతో హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చాడు. ఆ తుపాకుల తీరు వేరు, ఖరీదు వేరు.

మా తుపాకికి పెద్దాయన కొత్త వాచరు వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ఎప్పుడో నా దగ్గర తీసుకున్న రూపాయలు చాలన్నాడు. తుప్పు రుద్ది, కర్రకు అవిసె నూనె పట్టించి ముందు గదిలో గోడకు తగిలించాను. ఆరో తరగతి చదివే మా అన్న కొడుకు వచ్చినప్పుడల్లా గొట్టం వంచి చూసి 'స్ప్రింగు ఎప్పుడు వేయిస్తావు బాబాయ్' అంటున్నాడు. సరిపడే స్ప్రింగు దొరికిందని, వచ్చే శివరాత్రికి తెమ్మంటావా అని పెద్దాయన మొన్న కబురు పెట్టాడు. ఇంకా ఏమీ చెప్పలేదు. నూతి గోడ తొర్రలో ఈ వేసవి కూడా గోరింకలు పెట్టాయి. వాచరు ఎండిపోకుండా నెలకు రెండు చుక్కల నూనె వేస్తున్నాను.