జాకెట్ మీదికి కలివికోడి

మా అక్క బద్వేలులో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ముందు గదిలో మంచం పక్కకు జరుగుతుంది, ఆ చోట మగ్గం పడుతుంది. సెలవులకు పోయినప్పుడు పూసలు రంగులవారీగా వేరు చేసే పని నాది.

పోయిన వేసవిలో ఒకావిడ వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది. రెండు నెమళ్లు, మధ్యలో తామర. "ఇదే కావాలమ్మా, ఉన్నదున్నట్టు" అనింది. అక్క రేటు చెప్పింది. "ఇదే డిజైను వెనక వీధిలో సగానికి చేస్తాండారే" అనింది ఆవిడ. అక్క దగ్గర జవాబు లేదు. నిజంగానే అదే డిజైను. ఇద్దరూ ఒకే యాప్‌లో చూసి దించుకున్నదే కదా! చివరికి సగం కంటే కొంచెం ఎక్కువకు ఒప్పుకొని మూడు రాత్రులు కూర్చుని కుట్టింది.

మన హాస్టల్లోనూ ఇదే కథ. సిల్క్ థ్రెడ్ గాజులు, జుంకాలు, టెర్రకోట నగలు చేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఫెస్ట్‌లో స్టాల్ పెడితే పక్క స్టాల్లోనూ అవే ఉంటాయి. చేతిలో పనితనం ఉంది, ఐడియా మాత్రం అరువుది. మరి సొంత ఐడియా యాడ దొరుకుతుంది? నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు, మన సీమలో ఇదివరకే ఈ పని చేసినవాళ్లను చూద్దాం. లేపాక్షి వీరభద్రస్వామి గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో కట్టింది. అక్కడి లతా మంటపం స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు రకరకాలుగా చెక్కి ఉంటాయి. ఆ చెక్కడాలే తర్వాత చీరల అంచుల్లోకి దిగాయి. పైకప్పు బొమ్మల్లో మనుషులు కట్టుకున్న బట్టల్ని గమనించండి. గళ్లు, చారలు, పూలు... ఒకరి బట్టలాగా ఇంకొకరిది ఉండదు. ఎక్కువమంది నంది దగ్గరా, వేలాడే స్తంభం దగ్గరా సెల్ఫీ దిగి వచ్చేస్తారు. నేత పనివాళ్లు అదే గుడిలో చీర అంచు చూశారు.

ఇంక మన తండాల్లో సుగాలీ ఆడవాళ్ల పాత రవికలు చూడండి. అద్దాలు, గవ్వలు, నాణేలు. సంచార జీవితంలో చేతికి అందినవాటినే వాళ్లు అలంకారంగా మార్చుకున్నారు. ఆ కుట్టును ఎత్తి మన పేరు పెట్టుకోమని కాదు నేను చెప్పేది. చుట్టూ ఉన్నదాన్ని వాళ్లు ఎట్లా వాడుకున్నారో నేర్చుకోవాలి.

సరే, బద్వేలు చుట్టూ ఏముంది? నేనూ మొదట "ఏముందిలే, ఎండ, రాళ్లు, కంప చెట్లు" అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది కలివికోడి.

బద్వేలు నుంచి సిద్ధవటం పోయే దారిలో లంకమల అడవి తగులుతుంది. 1848లో మొదటిసారి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు మన లంకమల దగ్గరే మళ్లీ దొరికింది, అదీ ఇక్కడి వేటగాళ్ల సాయంతోనే. పుస్తకాల్లో మాయమైన పిట్టను మన ఊళ్లవాళ్లు మాత్రం ఎరుగుదురు. అది ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటి. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి మనకు కనబడదు, ఫొటోలే దిక్కు.

ఫొటో చూడగానే అక్క ఒక మాట అనింది: "దీనికి మెడలో రెండు పేటలు ఉన్నాయే!" నిజమే. రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు, వాటి మధ్య తెలుపు. గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ. పసుపు ముక్కు, కొసన నలుపు. మా ఊర్లో జాకెట్లన్నిటి మీదా నెమలే గానీ, కూతవేటు దూరంలో ఉన్న ఈ పిట్ట ఒక్కదాని మీదా లేదు.

మొదటిసారి అక్క పిట్ట మొత్తాన్ని వీపు మీద కుట్టింది. చూసి మా అమ్మ, "ఇదేంది, కోడిపిల్లనా?" అని నవ్వింది. ముక్కు నుంచి కాళ్ల దాకా అన్నీ పెడితే ఏదీ గుర్తుండదని అప్పుడు తెలిసింది. రెండోసారి పిట్టను తీసేసి మూడే ఉంచింది. మెడ చుట్టూ రెండు గోధుమరంగు దారపు వరసలు, మధ్యలో తెల్ల పూసలు, పైన నారింజ పూసల చుక్క. మ్యాచింగ్ కమ్మలు పసుపు, కొసన ఒక నల్లపూస. అంతే.

దీంట్లోంచి నాకు తెలిసిన పద్ధతి ఇది.

ఒకటి, ఒక్క వస్తువునే ఎంచుకొని దాని ముందు అరగంట కూర్చోండి. ఫొటో తీసినా సరే, తర్వాత పెన్సిలుతో గీయండి. గీసేటప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. ఎర్రచందనం చెట్టు బెరడు మొసలి చర్మంలాగా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. దాని కాయ బిళ్లలాగా గుండ్రం, మధ్యలో ఉబ్బు, చుట్టూ పలచని రెక్క. అచ్చం కమ్మ ఆకారమే. గీసుకోండి చాలు, అడవిలోంచి ఏదీ తేవద్దు. గురివింద గింజ ఎరుపు నలుపు జోడీ కూడా అంతే. రంగులు తీసుకోండి గానీ గింజకు బెజ్జం వేసి దండ గుచ్చొద్దు, లోపల ఉన్నది విషం.

రెండు, మూడు గుర్తులు ఉంచి మిగతావి వదిలేయండి.

మూడు, మెటీరియల్‌ను అడగండి. ఆరి సూది గొలుసు కుట్టుతో గీత గీస్తుంది, కాబట్టి వంపులకు బాగుంటుంది. పూస అంటే చుక్క. కాళహస్తి కలంకారీలో వెదురు కలంతో చేత్తో గీస్తారు కాబట్టి తీగ ఎట్లయినా పాకుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నీళ్లతో గీస్తే నలుపు వస్తుంది. కరక్కాయలోని టానిన్‌కూ ఇనుముకూ జరిగే రసాయన చర్య అది. సిద్ధవటం దగ్గర మాధవరం చేనేత మగ్గాలకు పోతే లెక్క వేరు. అక్కడ పడుగు, పేక కలిసే ప్రతి చోటూ ఒక పిక్సెల్. వంపు కూడా మెట్లుమెట్లుగానే వస్తుంది, అందుకే డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీద వేస్తారు. సీఎస్ఈ వాళ్లకు ఇంకో మాట. 1804 నాటి జకార్డ్ మగ్గానికి డిజైను చెప్పేది చిల్లుల అట్టలు. బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు ఆ అట్టల ఆలోచనే తీసుకున్నాడు.

ఆ జాకెట్ సంగతి చెప్పి ముగిస్తాను. దసరాకు ఒకమ్మాయి దాన్ని చూసి, "ఏం డిజైన్ అక్కా ఇది? యాడా చూళ్లేదే" అనింది. అక్క లంకమల నుంచి మొదలుపెట్టి పిట్ట కథంతా చెప్పింది. ఆ అమ్మాయి రేటు తగ్గించమని అడగలేదు. వాళ్ల చెల్లెలికీ ఒకటి కుట్టమని చెప్పి పోయింది.

ఇప్పుడు అక్క మగ్గం పక్కన ఒక నోట్‌బుక్ ఉంటోంది. మూడో పేజీలో ఎర్రచందనం కాయ ఉంది. మీ ఊర్లో ఏముందో గీసి క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, వచ్చే ఫెస్ట్‌లో అందరం కలిసి ఒక స్టాల్ వేద్దాం.