ఇల్లు మనదే... ఏటా లెక్క మాత్రం కౌంటీది!

‘‘బ్యాంకు అప్పు తీరిపోతే ఇక ఇంటికి కట్టాల్సిందేమీ ఉండదు కదరా?’’ డాలస్‌లో ఇల్లు కొన్న కొడుకుని మన ఊళ్లో ఉన్న తండ్రి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ‘‘ఉంటుంది నాన్నా, నెలకి ఏడెనిమిది వందల డాలర్లు... ఇంటి పన్ను’’ అంటే ఆయనకి నమ్మబుద్ధి కాదు. ఏడాదికి కాదు, నెలకి!

నిజమే మరి. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్రప్రభుత్వం ఆదాయపు పన్ను వేయదు. కేంద్రానికి కట్టేది మాత్రం ఎక్కడున్నా తప్పదనుకోండి. రాష్ట్రానికి ఇంటి పన్ను కూడా లేదు. కానీ బడులు, ఊరి రోడ్లు, పోలీసులు... వీటి ఖర్చులో సింహభాగం స్థానికంగా ఇళ్లమీద వేసే పన్ను నుంచే రావాలి. జీతంలో మిగిలిందనుకున్నది ఇలా గోడల్లోంచి వెళ్లిపోతుందన్నమాట.

డాలస్‌కి ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీనే తీసుకుందాం. ప్లేనో, ఆలెన్, మెకిన్నీ, ఫ్రిస్కోలో చాలాభాగం దీని కిందకే వస్తాయి. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్నది ఇక్కడే. అందరూ ‘కౌంటీ పన్ను’ అంటారు గానీ అందులో కౌంటీకి దక్కేది చిన్న వాటాయే. విలువ కట్టేది ఒకరు, రేటు నిర్ణయించేది మరొకరు, వసూలు చేసేది ఇంకొకరు. జనవరి 1న ఇల్లు ఎలా ఉందో చూసి మార్కెట్ ధర కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. వంద డాలర్లకి ఇంత అని రేటు పెట్టేది స్కూల్ డిస్ట్రిక్ట్, నగరం, కౌంటీ, కాలేజీ డిస్ట్రిక్ట్... ఎవరికి వారే. డబ్బు కట్టించుకునేది కౌంటీ పన్నుల కార్యాలయం.

హైదరాబాద్‌లో ఇంటికి రాగల అద్దెను బట్టి పన్ను లెక్కగడతారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. టెక్సస్ పద్ధతీ ఈ రెండోదానికి దగ్గరే. రేటు దగ్గరే గుండె ఝల్లుమంటుంది!

6 లక్షల డాలర్ల ఇల్లు అనుకోండి. గుండ్రటి అంకెలతో స్కూలుకి 1.02, నగరానికి 0.43, కౌంటీకి 0.15, కాలేజీకి 0.08 డాలర్లు వేద్దాం. మొత్తం వందకి 1.68. అంటే ఏడాదికి 10,080 డాలర్లు. ఇక్కడే మొదటి ఊరట ఉంది, దానిపేరు హోమ్‌స్టెడ్ మినహాయింపు. సొంతంగా కాపురముంటున్న ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లను స్కూలు పన్ను లెక్కలో తీసేస్తారు. 2023లో లక్షకి పెంచిన ఈ మొత్తాన్ని 2025 నవంబరులో ఓటర్లు ఇంకా పెంచారు. మన లెక్కలో ఏడాదికి 1,428 డాలర్లు ఆదా. నగరం, కౌంటీ ఇచ్చే తగ్గింపులు అదనం. పైగా ఆ మరుసటి ఏడాది నుంచీ, కొత్త కట్టడాలు చేర్చకపోతే, పన్ను వేసే విలువను ఏటా 10 శాతానికి మించి పెంచడానికి వీల్లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారుగా, ఇదీ అంతే. దరఖాస్తు చేస్తేనే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి చిరునామాయే ఉండాలి. రుసుము ఏమీ లేదు. ‘మేం చేసిపెడతాం, ఇంత పంపండి’ అంటూ ప్రభుత్వ ముద్రల్లాంటివి వేసుకుని వచ్చే ఉత్తరాల్ని చెత్తబుట్టలో వేయొచ్చు. మరిచిపోయినవాళ్లు రెండేళ్ల వరకూ వెనక్కి వెళ్లి అడగొచ్చు. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఇది వర్తించదు. 65 ఏళ్లు దాటిన యజమానులకి మరో 60,000 మినహాయింపు, స్కూలు పన్ను పెరగకుండా కట్టడి ఉన్నాయి. అయితే అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉన్నంత మాత్రాన అది రాదు. ఇల్లు వాళ్ల పేరిట ఉండాలి, స్థిరనివాసమూ అదే కావాలి.

రెండో ఏడాది దెబ్బ

కొత్త కాలనీలో ఇల్లు కొన్నవాళ్లని కుదిపేసేది వేరే ఉంది. జనవరి 1న అక్కడున్నది ఖాళీ స్థలమే అయితే ఆ ఏడాది పన్ను స్థలానికే. 1.2 లక్షల స్థలమైతే 2,016 డాలర్లు. పన్ను కోసం బ్యాంకు వాయిదాతోపాటే కొంత వసూలు చేసి ఎస్క్రో ఖాతాలో ఉంచుతుంది. పాత బిల్లు చూసి నెలకి 168 డాలర్లే పట్టుకుందనుకోండి. మరుసటేడు ఇంటితో కలిపి బిల్లు 8,652 వస్తుంది. లోటు 6,636. దాన్ని 12 నెలలకి పంచితే నెలకి 553. ముందున్న ఏడాదికి కూడా సరిపడా పట్టుకోవాలి కాబట్టి ఇంకో 553. వెరసి నెలవాయిదా ఒక్కసారిగా 1,106 డాలర్లు పెరుగుతుంది! వడ్డీ పెరిగిందేమోనని కంగారుపడి బ్యాంకుకి ఫోన్ చేసేవాళ్లు ఎందరో. తాళాలు తీసుకున్న నెల నుంచే తేడా డబ్బు పక్కన పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు.

నగర పరిధి బయట కొత్తగా వెలిసే కాలనీల్లో నీళ్లు, మురుగు పైపుల అప్పు తీర్చడానికి ‘మడ్’ అనే యుటిలిటీ డిస్ట్రిక్ట్ పన్ను కూడా ఉండొచ్చు. దాని రేటు రాసిన నోటీసుని అమ్మేవాళ్లు కొనుగోలుదారుకి ఇవ్వాలన్నది చట్టం. కాగితాల కట్టలో అది ఎక్కడుందో వెతుక్కుని చదవాలి.

వాదించాల్సింది వసంతంలోనే

బిల్లు అక్టోబరులో వస్తుంది. అప్పుడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. అసలు చూడాల్సింది ఏప్రిల్ ప్రాంతంలో వచ్చే విలువ నోటీసు. దానిమీద మే 15 లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా... ఏది ఆలస్యమైతే అప్పటిలోగా అభ్యంతరం చెప్పొచ్చు. లాయరు అక్కర్లేదు. ముందు అధికారితో మాటామంతీ, కుదరకపోతే రివ్యూ బోర్డు ముందు విచారణ. అక్కడ ‘పన్ను భరించలేకపోతున్నాం’ అంటే వినరు, వాళ్ల చేతిలో ఉన్నది విలువ మాత్రమే. ఇలాంటి ఇళ్లే ఇంతకన్నా తక్కువకి అమ్ముడయ్యాయనో, పక్కిళ్లకి తక్కువ విలువ కట్టారనో చూపాలి. టెక్సస్‌లో అమ్మకం ధరను బయటపెట్టాలన్న నిబంధన లేదు. కాబట్టి ఆ వివరాలకి తెలిసిన రియల్టర్‌ని పట్టుకోవడం మేలు. పునాది కదిలి గోడ బీటలిస్తే ఫొటోలు, మరమ్మతు అంచనా పట్టుకెళ్లాలి. ఆ ప్రాంతపు బంకమన్నుకి ఇది మామూలే. డిస్ట్రిక్ట్ దగ్గరున్న ఆధారాలనూ విచారణకి 14 రోజుల ముందే అడిగి తీసుకోవచ్చు.

ఒక్క మెలిక. నోటీసులో మార్కెట్ విలువ, పన్ను వేసే విలువ వేర్వేరుగా ఉంటాయి. 10 శాతం పరిమితి వల్ల రెండోది బాగా తక్కువగా ఉంటే, మొదటిదాన్ని కాస్త తగ్గించుకున్నా ఆ ఏడాది డాలరు మిగలదు. ఆదాలో వాటా తీసుకునే ఏజెంట్లకి అప్పగించేముందు ఈ రెండంకెలూ చూసుకోవాలి.

గడువు జనవరి 31. ఫిబ్రవరి వచ్చిందంటే 7 శాతం అదనం, అక్కణ్నుంచి నెలనెలా పెరుగుతుంది. ఎస్క్రో ఉన్నా సరే, బ్యాంకు కట్టిందో లేదో కౌంటీ వెబ్‌సైట్‌లో జనవరి మొదట్లోనే ఒకసారి చూసుకోవాలి. బ్యాంకు మరిచిపోయినా కౌంటీ అడిగేది ఇంటివాళ్లనే.