నవ్వాలా... వద్దా? నల్లగొండ టిఫిన్ హోటల్లో 'అమృతం' తొలి రాత్రి

హాస్య సీరియల్ మొదటి ఎపిసోడు చూసి మంచీ చెడ్డా తేల్చేయడమంటే, పెళ్లిచూపుల్లో ఒక కప్పు కాఫీ తాగి కాపురం ఎలా ఉంటుందో చెప్పెయ్యడమే! అయినా చెప్పకుండా ఎవరూరుకుంటారు? మా నాయిన కూడా ఊరుకోలేదు.

"గిది నాలుగు వారాలు గూడ నడ్వది" అని తేల్చేశాడు.

ఆ సీరియల్ ఆరేళ్లు నడిచింది. 313 ఎపిసోడ్లు! నాలుగు వారాలు నడుస్తుందో లేదో అన్నట్టు ఉన్నది నిజానికి మా హోటలే. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ...

ఆ ఆదివారం రాత్రి

2001 నవంబరు 18. నాకప్పుడు పదేళ్లు. నల్లగొండలో గడియారం సెంటర్‌కి కాస్త ఎడంగా, దేవరకొండ రోడ్డు వైపు మాకో చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. నాలుగు బెంచీలు, ఒక పెనం, ఒక గల్లాపెట్టె. వెనక గదిలో మా కాపురం. వాయిదాల మీద కొన్న పద్నాలుగు అంగుళాల కలర్ టీవీ కూడా అక్కడే.

ఆ రాత్రి టీవీ ముందు చేరినవాళ్లం ఆరుగురం. నాయిన, అమ్మ, నేను, దోశ మాస్టరు, సప్లయర్ పిల్లగాడు, జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అమ్మమ్మ. అమ్మమ్మను తక్కువ అంచనా వేయకండి! మా అందరికన్నా సీనియర్ ప్రేక్షకురాలు ఆవిడే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. వాటిలో అమ్మమ్మ వాళ్ల ఊరొకటి. పొద్దుగూకాక ఊరంతా బడి ముందు చేరి పంటల ముచ్చట్లు, ఆరోగ్యం ముచ్చట్లు చూసేవారట. "అప్పుడు టీవీ పాఠం జెప్పేది. ఇప్పుడేమో ఏడిపిస్తుంది" అనేది అమ్మమ్మ, అప్పటి సీరియళ్లను చూసి!

అలాంటి రోజుల్లో జెమినీ టీవీలో వచ్చింది 'అమృతం'. నిర్మాత గుణ్ణం గంగరాజు. 1996లో 'లిటిల్ సోల్జర్స్' తీసిన ఆయనే. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసి కల్యాణి మాలిక్ స్వరపరిచిన టైటిల్ పాట మొదలైంది. కష్టాలు వస్తే రానీ, కూర్చుని ఏడవడం దేనికి అని ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుణ్ణి బుజ్జగించే పాట. సప్లయర్ పిల్లగాడు అప్పుడే బెంచీ మీద దరువు వేయడం మొదలుపెట్టాడు.

ఇక మనుషులు... అమృతరావుగా శివాజీరాజా. తరువాత ఆ వేషం నరేశ్‌కు, ఆయన నుంచి హర్షవర్ధన్‌కు వెళ్లిందనుకోండి. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట!' నుంచి మనకు తెలిసిన అమాయకపు మొహమే. కానీ సినిమాలో ఆ మొహం రెండు నిమిషాలు కనిపించి, ఒక దెబ్బ తిని పక్కకు తప్పుకునేది. ఇక్కడ కథంతా ఆ మొహం మీదే! హీరో లేడు, ఫైటు లేదు, అత్తగారి కుట్ర లేదు. పక్కపక్క వాటాల్లో కాపురముండే ఇద్దరు మామూలు మనుషులు, వాళ్ల భార్యలు, నెల తిరగ్గానే తలుపు కొట్టే ఇంటి ఓనరు.

నాకు నచ్చింది. అమ్మకూ నచ్చింది. నాయిన మాత్రం "హీరో ఏడిరా? హీరో లేని కథ ఎవడు జూస్తడు?" అని లేచి, మర్నాటికి పప్పు నానబోయడానికి వెళ్లిపోయాడు. మా ఇంట్లో తొలి సమీక్ష అదే!

పైలట్లూ... పొరపాట్లూ

తొలిచూపులో తప్పులో కాలేసింది మా నాయినొక్కడే అనుకోకండి. అమెరికాలో ముందు ఒక్క ఎపిసోడు తీసి చానెల్ వాళ్లకు చూపిస్తారు. దాన్నే పైలట్ అంటారు. నచ్చితేనే మిగతాది తీయడం. 1989లో ప్రసారమైన 'సైన్‌ఫెల్డ్' పైలట్‌ను ముందుగా కొందరు ప్రేక్షకులకు చూపిస్తే పెదవి విరిచారు. ఎన్.బి.సి. చానెల్ మొహమాటానికన్నట్టు ఇంకో నాలుగు ఎపిసోడ్లు మాత్రం తీయమంది. అది కాస్తా 1998 దాకా నడిచి అమెరికాను ఊపేసింది!

కారణం ఏమిటంటారా? సినిమా మొదటి ఆటలోనే మనల్ని మెప్పించాలి. కామెడీ సీరియల్‌కు ఆ అవసరం లేదు. దానికి కావలసింది పరిచయం. ఆంజనేయులు తలూపగానే మనకు నవ్వొస్తుంది చూడండి, అది అంతకుముందు పది వారాలు అతను తలూపి ఏ గోతిలో పడ్డాడో తెలిసినందువల్ల. మొదటి వారం ఆ నవ్వు ఎలా వస్తుంది?

ఆ హోటలూ... ఈ హోటలూ...

అమృతం, ఆంజనేయులు నడిపేది కూడా హోటలే. పేరు 'అమృత విలాస్'. సర్వర్ పేరు సర్వం. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి. హోటల్ నడవదు. వేసిన ప్రతి ఎత్తూ చిత్తు!

ఆ సంగతి తెలిశాక మా గదిలో నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికి మాకు మూడు నెలల కిరాయి బాకీ. ఉద్దెర పుస్తకం నిండిపోయింది, గల్లా మాత్రం నిండలేదు. సామానంతా అమ్మేసి బొంబాయి పోదామని నాయిన రాత్రిళ్లు అమ్మతో గుసగుసగా అనడం నేను దుప్పట్లోంచి విన్నాను. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ మాట కొత్త కాదు. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. పగలు మాత్రం అప్పు అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఆదివారం తెర మీద అప్పాజీ కిరాయికి వచ్చాడు. అమ్మ చప్పున నాయిన వైపు చూసింది. నేను నవ్వాలా వద్దా అని బిగబట్టుకుని కూర్చున్నాను. దోశ మాస్టరు పైకప్పు చూస్తున్నాడు. ముందు నవ్వింది నాయినే!

చిన్న నవ్వు కాదు, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. "అచ్చం మన ఓనరే గదనే!" అన్నాడు అమ్మతో. అమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "అల్లుడు నవ్వంగ జూసి ఎన్ని దినాలాయె" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బాకీకి ఒక పేరు దొరికింది. "పొద్దున అప్పాజీ వచ్చిండు", "అప్పాజీకి ఎంత గట్టాలె?" అని గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది. మాట బయటపడ్డాక లెక్కా బయటపడింది. ఉద్దెర బంద్ అంది అమ్మ. పూరీ, వడ తీసేసి ఇడ్లీ, దోశ, మిర్చి బజ్జీ మాత్రం ఉంచారు. 'అమృతం' మా హోటల్‌ను కాపాడిందని నేననను. కాపాడింది అమ్మ లెక్క. కానీ ఆ లెక్క నోరు తెరిచి చెప్పడానికి కావలసిన ధైర్యం ఆ ఆదివారాల నవ్వులోంచి వచ్చిందని మాత్రం చెప్పగలను.

2007 నవంబరు 18న సీరియల్ అయిపోయింది. మా హోటల్ ఉంది!

మళ్లీ మొదటి ఎపిసోడు

ఇక రెండో కథ. 2020 మార్చి 25, ఉగాది. 'అమృతం ద్వితీయం' మొదటి ఎపిసోడు జీ5లో వచ్చింది. సరిగ్గా అదే రోజు దేశమంతా లాక్‌డౌన్! జీవితంలో మొదటిసారి పండగపూట నాయిన హోటల్ షట్టర్ దించేసి ఇంట్లో కూర్చున్నాడు. నా ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టాను. ముగ్గురం చూశాం. అమ్మమ్మ లేదు.

హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి వాళ్ల వాళ్ల వేషాల్లోనే ఉన్నారు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్ వచ్చారు. చాలా మంచి నటుడే, కానీ ఆ కుర్చీ ఎవరిదో మనసుకు తెలుసు. కొత్త మాట పలికినప్పుడల్లా చెవి పాత గొంతు కోసం వెతికింది. ఇది నా తొలి అభిప్రాయం.

ఆయన కనపడగానే నాయిన మొహం చిన్నబోయింది. నేను అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎట్లుంది నాయినా? నడుస్తదా?"

ఆయన దించిన షట్టర్ వైపు ఒకసారి చూశాడు.

"ఒక్క దినానికి ఏం జెప్తం బిడ్డా? వచ్చే వారం గూడ జూద్దాం."

ఇరవై ఏళ్లకు దగ్గరపడుతుండగా మా ఇంటి సమీక్షకుడు తన మొదటి తీర్పును అలా సవరించుకున్నాడు. మీరు కూడా ఏ కొత్త హాస్య సీరియల్‌కైనా మొదటి వారం మార్కులు వేయకండి. మీ ఇంటి బాకీలకు అది ఏ పేరు పెడుతుందో ఎవరికి తెలుసు?